మా ఆయన మొదటి చావు

"ఈసారన్నా అడిగినోళ్లకు సక్కగా చెప్పుమే."

"నోరు మూసుకోని పండుకో మామా."

పులివెందుల ఆసుపత్రిలో మా ఆయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలివే. ఈసారి చెప్పాను, చెప్పక తప్పలేదు. అంతకుముందు ఒకసారి ఆయన ప్రొద్దుటూరులో పట్టపగలు నిండు సభలో చచ్చాడు. ఆ చావును నేను సర్వనాశనం చేశాను. ఎలాగో చెప్తాను, నవ్వుకోండి.

అది నాటకాల పోటీ. మా ఆయన రాజు. రాజు యుద్ధంలో పోతాడు. ఆ కబురు చెలికత్తె తెస్తుంది. విని రాణి విషం తాగుతుంది. చెలికత్తెకు ఉన్నది ఒకే మాట, కానీ అది పడకపోతే నాటకంలో ఎవరూ చావలేరు. ఉత్తమ నటుడి బహుమతి కోసం మా ఆయన ఆరు నెలలు చీనీతోటలో చావడం నేర్చుకున్నాడు. నరికిన తుమ్మచెట్టులా దబ్బున పడేవాడు. పడీపడీ నాలుగు చెట్ల పాదులు చదును చేశాడు.

ఆరోజు చెలికత్తె వేసే అమ్మాయికి జ్వరం. అన్నం క్యారియరు పట్టుకుని వెంట వెళ్లిన నన్ను పట్టుకున్నారు.

"నాకు సదువు రాదు మామా."

"ఒక్క మాటేమే! 'అమ్మా, రాజుగారు ఇక లేరు.' అంతే. కుక్కరన్నా ఇంతకంటే ఎక్కువ మాట్లాడతాది."

రంగు పూసి, మైకు తగిలించి తోశారు. జమ్మలమడుగు నుంచి పిలిపించిన రాణి నా చేతులు పట్టుకుంది.

"చెలీ! నా ప్రభువు క్షేమమేనా?"

నోరు తెరిచాను. మీరే చెప్పండి, ఇంట్లో బియ్యం అయిపోతేనే అయిపోయాయని అనం, నిండుకున్నాయంటాం. మెడలో తాళి పెట్టుకుని మొగుడు లేడని ఎలా అనేది?

"బాగుండాడమ్మా. అన్నం తింటాండాడు."

విషం గిన్నె అందుకోబోయిన రాణి చెయ్యి అలాగే ఆగిపోయింది. పళ్లు బిగించి, "సచ్చిపోయినాడని చెప్పక్కా!" అంది.

"నీకేం, ఆయప్ప నీ మొగుడా? నువ్వే చెప్పుకో!"

మైకు సంగతి మరిచాను. వెనక వరస దాకా వినబడింది. తెర వెనక పాడె మీద పడుకున్న రాజు, "చెప్పుమే! నేనే చెప్పమంటాండా కదా!" అని అరిచాడు. హార్మోనియం వాయించే ఆయన కంగారులో ఏడుపు పాట ఎత్తుకున్నాడు. అది విని మోసేవాళ్లు పాడె తెచ్చేశారు.

నాకు ఒళ్లు మండింది. "దించండప్పా! బతికుండే మనిషిని యాడికి మోస్తాండారు?" అని ఆయన మెడలో దండ పీకేశాను. శవం లేచి కూర్చుంది.

"ఏమే, నన్ను సావను గూడా సావనీవా?"

ఒకటే ఈలలు. బహుమతి వచ్చింది. ఉత్తమ హాస్యనటుడు! బస్సులో ఇంటిదాకా ఆ షీల్డు ఒళ్లో పెట్టుకుని, చంటిబిడ్డను పోగొట్టుకున్నవాడిలా కూర్చున్నాడు.

కాబట్టి ఒట్టేస్తున్నాను. ఈ జన్మలో చెలికత్తె వేషం వేయను. ఇస్తే రాణి వేషం ఇవ్వండి. కబురు రాకముందే విషం తాగేసి, చెప్పే పని ఆయన నెత్తిన పెడతాను.

నేను చెప్తుంటే రాస్తున్న మా చెల్లెలి కూతురు నవ్వు ఆపడం లేదు.

"నవ్వింది సాలు పాపా. ఏం రాసినావో, మొదటి నుంచి సదివి ఇనిపించు."