పొయ్యి ఎక్కని చేప

మొన్న గురువారం ఉదయం పది గంటల పది నిమిషాలకు, సల్వాలోని ఈ ఇంటి వంటగదిలో పై అర దులుపుతుంటే, లవంగాల డబ్బా వెనకనుంచి ఎండిన సముద్రపు నాచు పొట్లం ఒకటి చేతికి తగిలింది. దాని మీది గడువు తేదీ దాటి ఆరేళ్లయింది. పారేద్దామని చెత్తబుట్ట దాకా వెళ్లి, వెనక్కి తెచ్చి అరలో పెట్టి, నిలవలేక మళ్లీ తీసి, ఆ గాభరాలో పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఈ వంటింట్లో ముప్పై ఒక్క ఏళ్లుగా ఉన్నాను. అలా జరగడం అదే మొదలు.

ఆ పొట్లం తెచ్చింది మా మామా చిన్న కూతురు. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటామని నాలాగా గల్ఫులో వండి పెట్టినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. ఆ పిల్లకు ఏడో నెల నుంచి ఆరేళ్లు నిండేదాకా రెండు పూటలా నేనే తినిపించాను. రాజంపేటకు నేను వెళ్లివచ్చిన రెండు సెలవులూ తీసేస్తే మూడు వేల ఎనిమిది వందల తొంభై అయిదు పూటలు. మామా చూడకుండా చేపల పులుసు కలిపి పెడితే, కారానికి కళ్లవెంట నీళ్లు కారుతున్నా మింగి మళ్లీ నోరు తెరిచేది. నా ముప్పై ఏడో ఏటనే నన్ను అవ్వా అని పిలిచింది. ఆ పిలుపు నేర్పింది కూడా నేనే.

పద్దెనిమిదో ఏట చదువుకని హవాయి దీవులకు వెళ్లి, నాలుగేళ్లకు తిరిగివచ్చింది. వచ్చినప్పటి నుంచి నేనేం వండినా రెండు మెతుకులు కతికి, ఆకలి లేదని లేచేది. నా చేతివంటకు ఆ పిల్ల దూరమైందేమోనన్న గుబులుతో పది రోజులు కుదురుగా కూర్చోలేదు. పదకొండో రోజు గురువారం. ఆరు గంటల నలభై నిమిషాలకు తనే వచ్చి నన్ను లేవదీసి, షర్క్ పేటలోని చేపల మార్కెట్టుకు పదమంది. హవాయిలో తనకు అన్నం పెట్టిన ఇంటి ముసలావిడ ఒక వంటకం నేర్పిందట, పేరు పోకే, దాన్ని నాకోసం చేస్తుందట. పచ్చి తూనా చేపను ముక్కలు కోసి, రాతి ఉప్పు, నాచు, వేయించి దంచిన గింజలు, నువ్వుల నూనె, ఉల్లిపాయ పట్టించి, పొయ్యి ముట్టించకుండా తినడమేనట. కారు నడిపే రాయచోటి మనిషి, నాకు తమ్ముడి వరస, దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

“ఏందక్కా, పొయ్యే ముట్టీకుండా కూరంట. ఇంక నీకీడ పనేముండాది?”

వాడు వేళాకోళానికే అన్నాడు గానీ ఆ మాట నన్ను ఇల్లు చేరేదాకా పొడుస్తూనే ఉంది.

కిలో రెండు వందల గ్రాముల చేప కొని, మంచు పెట్టెలో పెట్టుకుని ముప్పై అయిదు నిమిషాల్లో ఇంటికి వచ్చాం. గింజల సంగతి నాకు వదిలేసింది. అక్కడి గింజ ఇక్కడ దొరకదు కనుక వేరుశెనగలు వేయించి రోట్లో పలుకుగా దంచాను. పిల్ల స్నానానికి వెళ్లింది. చేప ముందు ఊరికే నిలబడటం నాకు చేతకాదు. సగం కోసి, మన ఇళ్లలో ఏ చేపకైనా చేసేటట్టే రాళ్లుప్పు, పసుపు వేసి మూడుసార్లు పిసికి కడిగేశాను. ఎర్రగా అద్దంలా ఉన్న ముక్కలు పాలిపోయి, అంచులు పచ్చబడి, చిట్లిపోయాయి. పిల్ల వచ్చి ఒక ముక్కను ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత పడీపడీ నవ్వి, ఆ ఆరు వందల గ్రాములూ వేపుడు చేసి డ్రైవరుకు పెట్టమని, మిగతా సగం నా చేతికి అందకుండా తనే కోసుకుంది. ఆ తప్పు అక్కడితో తీరిపోయింది.

తీరనిది ఆ తర్వాతది. అన్నీ కలిపి, నాలుగు ముక్కలు వేళ్లతో ఒక ముద్దగా కూర్చి, నా ఎదురుగా వచ్చి నిలబడింది.

“అవ్వా, నోరు తెరువు. యల్లా.”

తొందరగా కానిమ్మనే ఆ అరబ్బీ యల్లాతో సహా, ఆ మాట తీరు అచ్చం నాదే. తెరిచాను. చల్లగా, మెత్తగా, వేరుశెనగ పలుకు తగులుతూ ఉంది. చెడ్డ రుచి అని ఇప్పటికీ అనలేను. కానీ మింగలేకపోయాను. వద్దమ్మా, నావల్ల కాదని చెప్పి ఉంటే పోయేది. చెప్పలేదు. బాగుందని తల ఊపి, మూతి తుడుచుకునే నెపంతో కాగితపు రుమాల్లోకి ఊసి, గుప్పిట మూశాను. నువ్వుల నూనె వేళ్ల సందుల్లోంచి కారింది. చిన్నప్పుడు తను పలకబలపం ముక్కలు దాచుకుంటే నేను తెరిచినట్టే, ఒక్కొక్క వేలూ మెల్లగా విప్పి చూసింది.

“నేనెప్పుడన్నా ఉమ్మినానా, అవ్వా?”

అంతే అంది. తను కొంచెం తిని, గిన్నె మూసి, చేతులు కడుక్కుని మేడమీదికి వెళ్లింది. నేను సాయంత్రం దాకా మెట్ల దగ్గరికి పద్నాలుగు సార్లు వెళ్లి వెనక్కి వచ్చాను.

ఇది జరిగి ఏడేళ్లు. ఇప్పుడు ఆ పచ్చిచేప సల్వాలోనే దుకాణాల్లో దొరుకుతోంది, గిన్నెల్లో సర్ది స్కూటర్ల మీద తెచ్చి ఇస్తున్నారు. పిల్లకు పెళ్లయి ముబారక్ అల్ కబీర్‌లో కాపురం. శుక్రవారాలు వచ్చినప్పుడు వాళ్లమ్మకు ఆ గిన్నె తెస్తుంది. నాకు మాత్రం వేయించిన చేప, వేరే డబ్బాలో, నేను అడగకుండానే. అవ్వా అనే పిలుస్తుంది, మోకాళ్ల నొప్పి అడుగుతుంది, మందులు తెస్తుంది. నన్ను నోరు తెరవమని మాత్రం మళ్లీ అనలేదు. మొన్న ఆ పాత నాచు చిటికెడు నీళ్లలో వేస్తే అయిదు నిమిషాల్లో ఉబ్బి, ఆ గురువారం వాసనే వేసింది. కళ్లు మూసుకోకుండా నమిలి మింగాను. ఇంట్లో ఎవరూ లేరు.

పోయినవి ఇవి. చేపలో డ్రైవరు తిన్న ఆరు వందల గ్రాములు లెక్కలోకి రావు. గిన్నెలో మిగిలిపోయి పారబోసినది నాలుగు వందలు. నాచు ఒక పొట్లం. కాగితపు రుమాలు ఒకటి. ముద్ద ఒకటి.