కుడి చెంప తడి, ఎడమ చెంప పొడి

మొన్న పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సెక్కాను. నా ముందు సీట్లో ఒక అమ్మాయి, ఎక్కడో ఇంటర్వ్యూ ఉన్నట్టుంది, ఒళ్ళో ఫైలు పెట్టుకుని సంచిలోంచి కాంపాక్ట్ డబ్బీ తీసింది. మూత తెరిస్తే పైన అద్దం, కింద పౌడరు బిళ్ళ, మధ్యలో పల్చటి స్పాంజీ. ఆ స్పాంజీ అంచును నాలుక మీద పెట్టి తడిపి, బిళ్ళ మీద రుద్ది, ముక్కు పక్కన అద్దుకుంది. మళ్ళీ నాలుక, మళ్ళీ బిళ్ళ. ఇస్నాపూర్ వచ్చేలోగా ముఖం పూర్తయింది. తర్వాత ఆ తడి స్పాంజీని బిళ్ళ మీదే బోర్లించి డబ్బీ టక్కున మూసేసింది. నేను జేబురుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాను. పక్కనున్నాయన "ఏమైంది పెద్దాయనా, వాంతికొస్తున్నదా? జెర కిటికీ దిక్కు జరుగు" అంటూ తన కాళ్ళు మాత్రం ముందు జాగ్రత్తగా ముడుచుకున్నాడు. ఆ పిల్లనేమీ అనను. డబ్బీ మీద తడిగానూ పొడిగానూ వాడవచ్చని రాసి ఉంటుంది. ఏ తడి అని ఎవరూ రాయరు కదా. కానీ ఆ మూసిన డబ్బీలో, ఆ చీకట్లో, వారం తర్వాత ఏం మొలవగలదో ఆ బస్సులో నాకొక్కడికే తెలుసు.

ఎలా తెలుసంటే, అలాంటి పౌడరును ఈ దేశంలో మొట్టమొదట తయారు చేసింది నేనే. సరే, దేశంలో కాదు, తెలంగాణలో. అదీ కాదులెండి. కాజీపల్లిలో ఒక రేకుల షెడ్డు ఉండేది, ఆ షెడ్డులో మొట్టమొదట నేనే. నలభై ఏళ్ళ అనుభవం ఉందని చెప్పి అక్కడ చేరాను. అనుభవం అబద్ధం కాదు. ఆ నలభై ఏళ్ళూ రంగుల ఫ్యాక్టరీలో గడిచాయన్న ముక్క మాత్రం అడిగితే చెబుదామనుకున్నాను, ఎవరూ అడగలేదు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం ఇటు వచ్చి, గేట్లకూ ట్రాక్టర్లకూ వేసే రంగులు కలిపి కలిపి రిటైరైన మనిషిని. గేటుకీ బుగ్గకీ పెద్ద తేడా లేదని అప్పట్లో నా గట్టి నమ్మకం. రెండింటికీ పడేది ఆ ఎర్ర ఆక్సైడే, ఆ పసుపు ఆక్సైడే. ముఖానికైతే బాగా శుద్ధి చేసినది తెస్తారు, అంతే.

షెడ్డుకు రెండు పక్కలా మందుల ఫ్యాక్టరీలు. గాలి తూర్పు నుంచి వీస్తే కుళ్ళిన గుడ్ల కంపు, పడమటి నుంచి వీస్తే కాలిన రబ్బరు కంపు. వాటి మధ్య మా గులాబీ సెంటు. ఈ మూడూ కలిసిన వాసన ఒకటుండేది, అది చొక్కాకు పడితే మా ఆవిడ ఆ చొక్కాను ఇంట్లోకి రానిచ్చేది కాదు, కర్రతో ఎత్తి బక్కెట్లో వేసేది. యజమాని కుర్రాడు. బేగంబజార్లో గాజులూ తిలకాలూ అమ్మిన కుటుంబం, అతను మాత్రం తయారీలోకి దిగాడు. నన్ను అంకుల్ అనేవాడు. ఉత్త పొడి కాంపాక్ట్ సులువే. టాల్క్, కొంచెం అభ్రకం, రంగులు, పట్టు కోసం కాస్త నూనె కలిపి జల్లించి, చిన్న రేకు పళ్ళాల్లో పోసి ప్రెస్సు కింద నొక్కితే బిళ్ళ తయారు. చిక్కంతా తడితోనే వస్తుంది. మామూలు బిళ్ళ మీద తడి స్పాంజీ రుద్దితే పైన పలకలాగా గట్టిపడిపోతుంది. ఆ తర్వాత స్పాంజీ జారడమే తప్ప చిటికెడు పౌడరు రాదు. అందుకని పొడి రేణువులకు నీళ్ళు ఇంకనివ్వని పూత వేయాలి. అవి మరీ నీటిని తరిమేయకుండా, ముఖం మీద సమంగా పరుచుకునేలా ఇంకొకటేదో కొద్దిగా కలపాలి. ఆ కొద్దిగా కలిపేది ఏమిటన్నదే విద్యంతా.

అది నేను నెల రోజుల పరిశోధనతో కనిపెట్టాను. నిజానికి మధ్యాహ్నం టీ తాగుతుంటే తోచింది. రంగుల ఫ్యాక్టరీలో అలవాటైన పద్ధతే, చౌకరకం సబ్బు పొడి. కలిపి చూస్తే అద్భుతం. తడి స్పాంజీతో రాస్తే వెన్నలా పరుచుకుంది, ఆరాక బిళ్ళ మీద పొడి వేలితో రుద్దితే పొడిగానే వచ్చింది. యజమాని నా చేయి పట్టుకుని ఊపేశాడు. ఆ స్పాంజీని నేను తడిపింది మాత్రం నా బల్ల మీది సీసాలో నీళ్ళతో. అంటే కార్ల బ్యాటరీల్లో పోసే నీళ్ళు. ఉప్పూ సున్నమూ, ప్రాణమున్నదీ లేనిదీ ఏమీ ఉండని నీళ్ళు. ల్యాబులో అవే వాడాలి కదా అనుకున్నాను. ముఖం కడుక్కోవడానికి బ్యాటరీ నీళ్ళు వాడేవాళ్ళు కాజీపల్లిలో ఎవరుంటారన్నది నా బుర్రకు తట్టలేదు.

ఇక్కడ వదిన సంగతి చెప్పాలి. ఆమె నాకు చుట్టం కాదు. మా వ్యాన్ డ్రైవరుకు సొంత వదిన, అతను పిలిచే పిలుపు షెడ్డు మొత్తానికీ అంటుకుంది. ఇస్నాపూర్‌లో పొలం ఉన్న ఇంటి కోడలు, ఆ పొలం ప్లాట్లయ్యాక ప్యాకింగ్‌లో చేరింది. ఆమె చేయి తగిలిన డబ్బీ మీద వేలిముద్ర ఉండేది కాదు. నీళ్ళు తాగే గ్లాసును కూడా తుడిచి బోర్లించి, మళ్ళీ తుడిచి తాగేది. మధ్యాహ్నం ఆడవాళ్ళంతా గుండ్రంగా కూర్చుని టిఫిన్ డబ్బాలు మధ్యలో పెట్టుకునేవారు. వదిన తెచ్చిన చింతకాయ తొక్కు కోసం ఎవరి డబ్బా వాళ్ళు వదిలేసి ఆమె డబ్బాలో చేతులు పెట్టేవారు. మా షెడ్డులో ఇంకో ఆనవాయితీ ఉండేది. కొత్త సరుకు ఏదైనా ముందు వదిన ముఖానికి. చామనఛాయ, నున్నటి చర్మం, ఏ చిన్న తేడా ఉన్నా తెలిసిపోయేది. కుడి చెంపకు తడిగా, ఎడమ చెంపకు పొడిగా రాసుకుని సాయంత్రం టీ దాకా అలాగే పని చేసేది. మిగతావాళ్ళు "వదిన సగం హీరోయిన్, సగం మనిషి" అని ఏడిపించేవారు. "హీరోయిన్ ఏ దిక్కున్నదో జెర చెప్పుండ్రి, గా దిక్కే ఫొటో దిగుత" అనేది ఆమె.

నా సరుకును ఆమె వెనక ట్యాంకులో బోరు నీళ్ళతో తడిపి రాసుకుంది. పది నిమిషాల్లో నా దగ్గరికొచ్చింది. కుడి చెంప మీద పౌడరు విరిగిన పాలలాగా ముద్దలు కట్టి, వేలితో తీస్తే బంకలాగా సాగుతోంది.

"సారూ, గిది మొకానికి పెట్టేదా, గోడకు కొట్టేదా?"

"స్పాంజీ సరిగా కడిగావా అమ్మా?"

"కడగకుంట పెట్టుకుంటనా? నీళ్ళతోని కలుస్తలేదు సారు. మీరే ఏదో ఎక్కువేసిండ్రు."

అప్పటికైనా ఆలోచించాల్సింది. బోరులో వచ్చే ఉప్పు నీళ్ళకూ సబ్బుకూ పడదని బట్టలుతికే ప్రతి ఇల్లాలికీ తెలుసు. నేను మాత్రం మళ్ళీ రాసుకోమన్నాను, రోజూ రాసుకోమన్నాను. ఆరో రోజుకు కుడి చెంప మీద ఎర్రటి పొక్కులు లేచాయి, వాటి చుట్టూ పొట్టు రాలుతోంది. ఆమె వాడుతున్న డబ్బీ తెరిపించాను. చెప్పడానికి ఇప్పటికీ అసహ్యం. తడిసిన గోనెసంచి, పుల్లగా మారిన పిండి, దాని మీద నా గులాబీ సెంటు. ఆ వాసన ముందొచ్చింది. ఆ తర్వాత కనిపించింది బిళ్ళ అంచున బూడిద రంగు బూజు, ఎలుక పిల్ల ఒంటి మీది వెంట్రుకల్లా మెత్తగా, ఊదితే కదులుతూ. బిళ్ళ పాడవకుండా వేసిన మందును నా సబ్బే చంపేసిందని, బోరు నీళ్ళలోని క్రిములకు ఇక అడ్డు లేదని ఆ క్షణంలోనే అర్థమైంది.

అప్పుడే యజమాని లోపలికి వచ్చాడు. సోమవారం సరుకు లారీకి ఎక్కాలి. అతను డబ్బీ చూసి ముక్కు మూసుకుని "ఇదేంది అంకుల్?" అన్నాడు. నేను నిటారుగా నిలబడి, తప్పు నాదే, సరుకు ఆపండి, అన్నాను. ఏడేళ్ళుగా అందరికీ ఇలాగే చెబుతున్నాను. నేను నిజంగా అన్నది ఇది: "ఫార్ములా బాగానే ఉంది బాబూ. చేతుల శుభ్రం లేకపోతే ఏ పౌడరైనా ఇంతే."

వదిన నా వైపు చూసింది. "నా చేతులా సారూ?" అంది, అంతే. యజమాని ఆమెను ప్యాకింగ్ నుంచి తీసేసి షెడ్డు వెనక పాత రేకు పళ్ళాలు కడిగే పనికి పంపాడు. సరుకు పాస్ చేస్తున్నట్టు కాగితం మీద నేను సంతకం పెట్టాను. ఆ మధ్యాహ్నం నుంచి ఆమె తొక్కు డబ్బాలో ఎవరూ చేయి పెట్టలేదు. "గజ్జి అంటుకుంటదేమో" అని ఒకామె గుసగుసలాడింది. వదినకు వినపడేంత గట్టిగానే గుసగుసలాడింది. ఆ డబ్బాను ఆమె మూసి పక్కన పెట్టుకోవడం నా గది కిటికీలోంచి చూశాను. నేను ఆ పూట కడుపునిండా తిన్నానని కూడా ఒప్పుకుంటున్నాను.

లారీ ఏదో కారణంగా సోమవారం రాలేదు, వారం జరిగింది. ఆ తర్వాతి సోమవారం లోడింగ్ మొదలవుతుండగా వదిన యజమాని గదిలోకి వచ్చింది. చేతిలో రెండు డబ్బీలు. నేనూ అక్కడే ఉన్నాను. వాటిని బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"రెండూ గీ చేతులతోనే తడిపిన సేటూ. ఒక్కటే స్పాంజీ రెండు ముక్కలు కోసిన. ఇది సారు సీసలో నీళ్ళు, ఇది మన బోరు నీళ్ళు. ఇగ మీరే తెరుసుండ్రి."

యజమాని మొదటిది తెరిచాడు. బిళ్ళ శుభ్రంగా ఉంది. రెండోది తెరిచి, వెంటనే లేచి, గుమ్మం బయట మందారం కుండీలో వాంతి చేసుకున్నాడు. చదువుకున్నవాడిని నేను, తేడా ఎక్కడుందో విడదీసి చూపించింది ఆమె. యజమాని మూతి తుడుచుకుంటూ లోపలికి వచ్చి లారీ ఆపించమని కేకేశాడు. తర్వాత నా భుజం మీద చేయి వేశాడు. "మంచి టెస్ట్ పెట్టించిండ్రు అంకుల్. ఒకవేళ ఈ సరుకు బయటికి పోతే మనం ఖతం."

నేనే పెట్టించాననుకున్నాడు. మా షెడ్డులో పరీక్ష అనే మాట పుట్టేది నా గదిలోనే కదా. వదిన నా నోటి వంక చూస్తోంది. పొగడ్త కోసం కాదు. ఆమెకు కావలసింది ఒక్క ముక్క: తప్పు నా సబ్బుది, ఆమె చేతులది కాదు. గుమ్మం దగ్గర ప్యాకింగ్ వాళ్ళంతా మూగి ఉన్నారు, అంటే అందరూ వినేవారు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అనుమానం వచ్చింది బాబూ, అందుకే" అన్నాను.

సబ్బు మార్చాను, మందు మార్చాను, సరుకు బాగా వచ్చింది. యజమాని ఆమెను మళ్ళీ ప్యాకింగ్‌కు పిలిచాడు, కొత్త బిళ్ళ రాసుకోమన్నాడు. "నా మొకం మీకు కిరాయికియ్యలే సేటూ" అని ఆమె డబ్బీ తిరిగి ఇచ్చేసింది. పొక్కులు తగ్గాయి, మచ్చ కూడా పోయింది. కానీ చేతులు మురికివి కావని ఎవరూ పైకి అనలేదు కనక మధ్యాహ్నం ఆ గుండ్రంలో ఆమె పక్కన జాగా ఖాళీగానే ఉండేది. నెల తిరక్కుండా మానేసింది. ఆ రోజంతా నా చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నానో, వేళ్ళ సందుల్లోంచి ఆ బూజు కంపు పోలేదు.

పోయిన చలికాలం ఇస్నాపూర్ వెళ్ళి ఆమె ఇల్లు కనుక్కున్నాను. వాకిట్లో కూర్చోబెట్టి, గ్లాసు తుడిచి బోర్లించి, మళ్ళీ తుడిచి నీళ్ళు ఇచ్చింది. చెప్పవలసింది చెప్పాను. వినేటంతసేపూ చేటలో బియ్యం ఏరుతూనే ఉంది.

"ఇప్పుడు నాకు చెప్తున్నరా సారూ? నాకు ఎరికే గదా. ఎరిక లేనోళ్ళకు చెప్పాల్సుండె. ఆ షెడ్డు మూసిండ్రు, గాళ్ళంత ఒక్కొక్క దిక్కు పోయిండ్రు. ఎవరిని జమచేసి చెప్తరు?"

నీళ్ళు తాగి లేచాను. ఆ రోజు గుమ్మం దగ్గర పదిమంది నిలబడి ఉన్నప్పుడు ఆ ముక్క అనడానికి ఒక ఊపిరి తీసేంత సేపు పట్టేది. ఇప్పుడు నా దగ్గర రోజుకు ఇరవై నాలుగు గంటలూ ఖాళీయే, వినవలసినవాళ్ళు ఒక్కరూ లేరు.