పత్తిగింజలకు పచ్చదీపం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, గుంటూరు దగ్గర మా ఇంజనీరింగ్ కాలేజీలో బెంగళూరు మాస్టారొకాయన డిజైన్ వర్క్‌షాపు పెట్టారు. ఇప్పటికి లేని వస్తువును ఊహించాలి, అదే వస్తే మనుషులు దానితో ఎలా మసలుకుంటారో చూడాలి. అదీ పాఠం. అప్పట్లో పత్తి వేసేవాళ్లకు నకిలీ విత్తనాలను మించిన భయం లేదు. అందుకని మా జట్టు గింజ మంచిదో కాదో చెప్పే పెట్టెను ఊహించింది. గింజ వేస్తే పచ్చదీపమో ఎర్రదీపమో వెలుగుతుంది. నిజానికి లోపల ఏమీ లేదు. తెర వెనక మా క్లాసబ్బాయి కూర్చుని స్విచ్ నొక్కాలి.

డిజైన్‌లో ఇది మామూలు పద్ధతేనని మాస్టారు అన్నారు. రైతుల్ని పిలవమంటే, మా చర్చి సంఘంలో నేను అత్తా అని పిలిచే ఆవిడను తీసుకొచ్చాను. కౌలుకు పత్తి వేస్తుంది. పెట్టె ఉత్తదని మాస్టారు ఆమెకు ముందే చెబుతారనుకున్నాను. చెప్పలేదు.

అత్త అప్పుడే కొన్న విత్తనాలు సంచిలో వేసుకుని వచ్చింది. ఎర్రదీపం వెలిగితే కొట్టువాడికి తిరిగిచ్చేయాలని ఆమె ఆలోచన. కత్తెర అడిగి ప్యాకెట్లన్నీ కత్తిరించి, ఒక్కోదానిలోంచి ఒక్కో గింజ వేసింది. అన్నిటికీ పచ్చదీపమే.

మా సంఘంవాళ్లు మంచి జరిగితే ముందు ఎదుటి మనిషికి కృతజ్ఞత చెప్పరు. ఉన్నచోటే ప్రార్థన మొదలుపెడతారు. అత్త తలమీద కొంగు వేసుకుని, కళ్లు మూసుకుని స్తోత్రాలు చెప్పసాగింది. వెనక ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు. వీడియో తీస్తున్న కుర్రాడికి కెమెరా అటు తిప్పమని మాస్టారు సైగ చేశారు.

ప్రార్థనకు అడ్డుపడిన మనిషిని నేనెన్నడూ చూడలేదు. చర్చిలోకి కుక్క దూరినా ఆమెన్ అయ్యాకే తరుముతారు.

"అత్తా, ఆపు. ఆ పెట్టెలో ఏమీ లేదు. వెనక మావాడు నొక్కుతున్నాడు," అన్నాను.

ఆమె కళ్లు తెరిచి తెరవంక చూసింది.

"మరి నా గింజలు మంచియ్యేనా, కాదా?"

ఆ గదిలో ఎవరికీ తెలియదు. ప్రయోగం పాడుచేశావని మాస్టారు నన్ను మెల్లగా మందలించారు. ఆవిడ నమ్మేసిందండీ అంటే, "చివర్లో మనమే చెప్పేవాళ్లం కదమ్మా," అన్నారు. ఆ నమ్మకాన్ని చూడగలగడమే ఈ వర్క్‌షాపు సాధించిందని మిగతావాళ్లకు వివరించారు.

అద్భుతాలు, సూచనలు చూపి జనాన్ని నమ్మించే అబద్ధ ప్రవక్తల గురించి సండే స్కూల్లో చాలా విన్నాను. వాళ్లు కేకలు వేస్తూ వస్తారనుకున్నాను. ఇంత మెత్తగా మాట్లాడతారని, వచ్చినవాళ్లకు టీ ఇప్పిస్తారని ఎవరూ చెప్పలేదు.

అత్త వెంట విత్తనాల కొట్టుకి నేనూ వెళ్లాను. కత్తిరించిన ప్యాకెట్లు చూసి కొట్టాయన, "ఇట్టా తెచ్చినయ్యి నేనెట్టా తీసుకుంటానమ్మా? ఆ కాలేజీవోళ్లనే అడుగు," అన్నాడు. కాలేజీలో అడిగితే నష్టం కట్టిచ్చే ఏర్పాటేదీ లేదన్నారు. పడిన వానకు వచ్చిన నేల పదును ఆరిపోతోంది. ఆమె ఆ గింజలే నాటింది.

మొలక చాళ్లలో అక్కడొకటి, అక్కడొకటి వచ్చింది. మళ్లీ విత్తే అదను దాటిపోయింది. ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పుకునే వేళ లేచి ఈ మోసం సంగతి చెప్పమని, నలుగురూ జాగ్రత్తపడతారని అన్నాను.

అత్త పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుంది.

"ఏమని చెప్పనే? ఆ గింజలు మంచియ్యని దేవుడికి స్తోత్రం చెప్పేశాగా. ఇప్పుడెట్టా వెనక్కి తీసుకునేది?"