మాస్టారి పోహా ప్లేటు

మా ఆయనది ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో రైల్వే ఉద్యోగం. మా అమ్మాయి హరిత పదో తరగతి చదువుతున్నప్పటి సంగతి ఇది. ట్యూషన్ మాస్టారు కోడి కూడా లేవకముందే పిల్లల్ని తన ఇంటికి రమ్మనేవారు. పైగా ఖాళీ కడుపుతో రావాలట, తింటే నిద్రొస్తుందట!

ఒకరోజు హరిత లెక్క చేస్తూ కళ్లు తిరిగి బోర్డు ముందే పడిపోయింది. కబురు తెలిసి ఇడ్లీ క్యారేజీతో పరిగెత్తాను. ఆ పూట నా కోపం సెగకి బైలాడిలా కొండలో ఇనుము కరిగి గూడ్సు బళ్లలోకి పారాల్సింది.

పిల్లని కూర్చోబెట్టి తినిపిస్తుంటే మాస్టారు కసిరారు. "ఏందమ్మా గీ లొల్లి? మీ పిల్లకు ధ్యాన్ లేదు. ఉత్త మొద్దు. బోర్డు పరీక్షల ఫెయిలే!"

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి ఆయనకి పోహా, అదే అటుకుల ఉప్మా, వచ్చింది. ఏనుగుకి సరిపడేంత, పైన కారప్పూస లాంటి సేవ్‌తో. ప్లేటు లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాను.

"ఏటి మాస్టారూ, మా గుంటకి పస్తు, మీకు పోహానా? ముందు ఆ లెక్క చెయ్యండి, తర్వాత తిందురు గాని."

ఆయన చెయ్యి బోర్డు మీద, చూపు ప్లేటు మీద. పన్నెండెనిమిదులు ఎనభై ఆరని రాశారు.

"తొంభై ఆరు సార్," అంది హరిత, నోటినిండా ఇడ్లీతో.

పిల్లల నవ్వులకి పైకప్పు రేకులు ఎగిరి విశాఖలో పడ్డాయేమో! నాకు మాత్రం నవ్వు రాలేదు. మర్నాటి నుంచి అందరూ తినే వెళ్లారు, హరిత పాసయింది. అయినా ఆ "మొద్దు" మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకే కాలనీ అంతా మిఠాయి పంచి, ఆయనకి మాత్రం ఇడ్లీలు పంపాను, పాఠం చెప్పేముందు తినమని.