తొలి ముద్ద, ఎర్ర పాచి

శాలిబండలో మా ఇల్లు మూడో అంతస్తు. అందులో సముద్రం పెట్టుకోవాలనుకోవడం నా తిక్క. మూడడుగుల గాజుతొట్టి, ఉప్పునీళ్లు, నాలుగు రాళ్లు, తెల్ల పట్టీలున్న నారింజ రంగు చేపల జంట. చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక. నెల తిరక్కుండానే నా సరదా తీరిపోయింది.

మొదట గోధుమరంగు పొడి. ఇసుక మీదా అద్దం మీదా పేరుకునేది. వేలితో రాస్తే పోయేది, తెల్లారేసరికి మళ్లీ ఉండేది. కొత్త తొట్టిలో అది మామూలేనని, దానంతటదే పోతుందని చేపలమ్మిన భాయ్ చెప్పాడు. నిజంగానే పోయింది. పోయి, దాని చోటు పచ్చ నాచుకిచ్చింది. వెంట్రుకల్లా మొలిచిన ఆ నాచును పాత టూత్‌బ్రష్‌కు చుట్టి చుట్టి పీకాను. పీకినకొద్దీ పెరిగింది. ఆ తర్వాత దిగింది అసలుది. ఎర్రటి పాచి, పాల మీద మీగడలా పొర కట్టి, మధ్యమధ్య బుడగలతో. ఎత్తితే మొత్తం లేచి వచ్చేది, మర్నాటికి మళ్లీ పరుచుకునేది. కంపు సరేసరి.

నా తల ప్రాణం తోకకొచ్చింది. కిటికీ ఎండ వల్లనేమోనని పరదా కట్టాను. బోరునీళ్లను అనుమానించి ఫిల్టర్ నీళ్ల క్యాన్లు మూడంతస్తులూ మోశాను. ఫోటో తీసుకెళ్లి చూపిస్తే భాయ్ పెదవి విరిచాడు. ఇది అసలు నాచే కాదట, ఒకరకం బాక్టీరియా అట. నీళ్లు కదలని చోట, తిండి కుళ్లిన చోట పడుతుందట.

"మీ ఇంట్ల ఎవరో దానా ఎక్కువ ఏస్తున్నరు భాయ్."

నాకు ఒళ్లు మండింది. రోజుకు ఒక్కసారి, చిటికెడు మేత, నా చేత్తో నేనే వేస్తాను. సరుకు అమ్మినవాడు నా ఇంటి మీద నింద వేస్తాడా? నాలుగు మాటలు అనేసి వచ్చాను. ఆ వారమే జంటలో ఒకటి వెల్లకిలా తేలింది. రెండోది పైకొచ్చి నోరు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. అదొక్కటైనా బతకాలని ఎంతగా కోరుకున్నానో తలచుకుంటే నాకే సిగ్గేసింది.

ఆదివారం పంతం పట్టి వెనకున్న పెద్ద రాయిని పైకి తీశాను. దాని కింద ఉబ్బిన అన్నం మెతుకులు, కరివేపాకు ముక్క, ఆవగింజలు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను! నా భార్య వైపు చూశాను. ఆమె వంటింటి వైపు చూసింది.

వంటింట్లో ఉన్నది అమ్మ. ఆమె ఏమీ దాచలేదు. ఉప్పుగూడలో పాత ఇంట్లో ఉన్నన్నాళ్లూ పొద్దున పెరుగన్నంలో తొలి ముద్ద ఆవుకో కాకికో పెట్టందే తాను తినేది కాదు. ఇక్కడ మూడో అంతస్తుకు ఏ ఆవు వస్తుంది?

"నోరులేని జీవం కదరా. ఇంట్లనే ఉన్నది కదా అని దానికే పెట్టిన," అంది.

ఎవరికైనా నవ్వొచ్చే మాట. నాకు రాలేదు.

"నువ్వే సంపినవ్ దాన్ని," అన్నాను.

అమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది.

రాళ్లన్నీ తోమాను. ఇసుకలో మురికిని గొట్టంతో లాగాను. వారానికి రెండుసార్లు కొన్ని నీళ్లు మార్చాను, లైటు వెలిగే గంటలు సగానికి తగ్గించాను. మూడు వారాలకు ఎర్ర పొర పలచబడి, ఆఖరికి మాయమైంది. మిగిలిన చేప కోలుకుని రాళ్ల చుట్టూ తిరగసాగింది. గొప్పగా భార్యను పిలిచి చూపించాను.

"నీళ్లు మంచిగనే ఉన్నయి. అత్తమ్మ పొద్దున తినుడు బంద్ చేసింది, అది చూసిన్రా?" అంది.

చూడలేదు. రోజూ టార్చి వేసి అద్దం మూలమూలా వెతికినవాణ్ణి, అమ్మ పళ్లెం ఒక్కరోజు చూడలేదు. ఆ మోకాళ్ల నొప్పులతో మిద్దెక్కి, కాకి వాలేదాకా నిలబడి, అప్పుడు తింటోందట. ఒక్కోరోజు మధ్యాహ్నం అవుతోందట.

మర్నాడు పొద్దున ఆమె అరచేతిలో చేపల మేత గింజ ఒకటి పెట్టాను.

"ఒక్కటేనా?"

"ఒక్కటే అమ్మా. దాని కడుపు గంతే."

మూత జరిపి వేసింది. చేప వచ్చి మింగింది. ఆమె చెయ్యి ఇంకా తొట్టి అంచు మీదే ఉంది.

"ఇది గిన సచ్చిపోతే నన్ను అనకు బిడ్డా," అంది.

అననన్నాను. అప్పుడు వెళ్లి పళ్లెం ముందు కూర్చుంది.