పుట్టింటి ఏడుపు

పోయిన నెల మా యజమాని ఇంట్లో హాలు గోడకు ఒక అడవిని అతికించారు. అది కాగితం మీది అడవి. ఇద్దరు పనివాళ్ళు దాన్ని చుట్టలు చుట్టలుగా తెచ్చి, జిగురు పూసి, ఒక్క పూటలో నేల నుంచి పైకప్పు దాకా చెట్లు నిలబెట్టి వెళ్ళారు. కువైట్‌లో మేముండే ఈ బ్నీద్ అల్ గార్‌లో కిటికీ తీస్తే ఎదురింటి ఏసీలు, వాటి మీది దుమ్ము తప్ప ఇంకేమీ కనబడవు కాబట్టి, వచ్చిన చుట్టాలంతా ఆ గోడ ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. పొద్దున్నే మెత్తటి గుడ్డతో ఆ చెట్లను తుడవడం నా పని. అలా తుడుస్తూండగా ఒకరోజు ఒక మాను దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. బూడిదరంగు నున్నటి బెరడుతో, ఏనుగు కాలులా ఉంది ఆ మాను. ఆ చెట్లను నేను ఎరుగుదును. ఇంగ్లండులో వాటి కింద ఒక మధ్యాహ్నం కూర్చున్నాను, ఆ మధ్యాహ్నాన్ని తలుచుకోవడం నాకు ఇప్పటికీ అంత తేలిక కాదు.

మా అన్నమయ్య జిల్లా వైపు నుంచి కువైట్ వచ్చిన నా ఈడు ఆడవాళ్ళలో లండన్ చూసినవాళ్ళు తక్కువేమీ కాదు. ఎండలు ముదిరితే యజమానులు చల్లటి దేశాలకు వెళ్ళేవారు, పిల్లలనూ ముసలివాళ్ళనూ చూసుకోవడానికి మమ్మల్నీ వెంట తీసుకుపోయేవారు, మా పాస్‌పోర్టులు మాత్రం వాళ్ళ చేతిసంచుల్లో ప్రయాణం చేసేవి. నేను అప్పుడు కువైట్‌లోనే, జాబ్రియా అనే పేటలో ఒక ఇంట్లో ఉండేదాన్ని. ఇంటావిడను అందరిలాగే మామా, అంటే వాళ్ళ మాటలో అమ్మా, అనేదాన్ని, ఆమె తల్లిని పెద్ద మామా అనేదాన్ని. ఆ ముసలావిడకు స్నానం చేయించడం, మందులు వేయడం, రాత్రి ఆమె మంచం పక్కనే పడుకోవడం, ఇదీ నా కొలువు.

ఆ ఏడాది పెద్ద మామా భర్త పోయాడు. చావు ఇంట్లో గొంతెత్తి ఏడవడం వాళ్ళలో తప్పు, ఓర్చుకోవడమే గొప్ప. ఆమె అంత ఓర్చుకుందని చుట్టాలంతా మెచ్చుకున్నారు గానీ, ఆ ఓర్పుతోపాటే తిండీ మాటా రెండూ మానేసిందని దగ్గరున్న నాకు తెలిసేది. వితంతువు ఇల్లు కదలకూడని గడువు తీరగానే, గాలి మార్పు ఉంటే మనిషి తేరుకుంటుందని డాక్టరు చెప్పడంతో, కూతురు ఆమెను ఇంగ్లండు బయలుదేరదీసింది. తల్లి ముందు ఎవరూ కన్నీరు పెట్టకూడదని మామా గట్టి కట్టడి చేసింది. నాకంటే ముందున్న పనిమనిషి ఇంటికి ఫోను చేసి వంటింట్లో ఏడ్చినందుకు ఆ వారంలోనే విమానం ఎక్కింది. ఆ సంగతి నాకు పనిలో చేరిన రోజే చెప్పారు.

ఇక్కడ నా చదువు గురించి కొంచెం చెప్పుకోవాలి, చెప్పుకోవడం నాకు ఇష్టం కూడా. బడిలో నేను చదివింది ఏడు దాకానే, మిగతాదంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో చదివింది. అమ్మానాన్నలు లేని నన్ను మా అక్కే పెంచింది. ఆమె టమాటా మండీలో కాయలు ఏరే పనికి పోతూ, ఒంటరిగా ఇంట్లో వదలలేక, నన్ను దారిలో ఆ గ్రంథాలయం బల్ల దగ్గర దించిపోయేది. అక్కడి పెద్దాయన నన్ను ఎన్నడూ లేవగొట్టలేదు. దొరికిందల్లా చదివాను, యాత్రల పుస్తకాలైతే రెండేసి సార్లు చదివాను. అక్కకు అక్షరం రాదు, అందుకని రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని ఆ రోజు చదివింది వినిపించాలి. ఇంగ్లండు అడవుల్లో వసంతకాలంలో నేలంతా నీలం పూలు పరుచుకుంటాయనీ, ఆ అడవుల్లో అడుగు చప్పుడు కూడా వినబడదనీ నేను గొప్పగా చెబుతుంటే, అక్క పొయ్యి ఊదుతూ అంది: "అన్ని చెట్లున్నెప్పుడు ఆడ ఆడోళ్ళు కట్టెలకు యాడికి పొయ్యే పనిల్యా. అది రాసినాడా మీ పుస్తకాలాయప్ప?" రాయలేదని ఒప్పుకోవలసి వచ్చింది.

లండన్‌లో మేము ఉన్న ఇంటి సందు చివర ఒక దుకాణం, దాని పక్కన ఫోను గది ఉండేవి. రొట్టె తెమ్మని పంపినప్పుడు అక్కడి నుంచి ఇంటికి ఫోను చేస్తే బావ ఎత్తాడు. అక్కకు జ్వరం తలకెక్కిందట, ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అయిపోయిందట, ముందు రోజే మట్టి చేశారట. మా వైపు పెళ్ళైన ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు కోక తెచ్చి కప్పాలి, పుట్టింటి ఆడవాళ్ళు మీద పడి, చేసిన మేళ్ళన్నీ పేరు పేరునా చెప్పి రాగం తీసి ఏడవాలి. అది లేకపోతే ఆ మనిషి దిక్కులేనిదై పోయినట్టు. అక్కకు పుట్టింటివాళ్ళంటే నేనొక్కదాన్నే. బావ నా బాధ గ్రహించి, "నీ పేరు చెప్పి మేమే ఒక కోక కప్పినాంలేమ్మా" అన్నాడు. ఆ మంచిమాట నన్ను కోసినట్టు మరేదీ కోయలేదు. అక్క కూతురు అప్పటికి చిన్నది, ఇక దానికి తల్లీ పిన్నీ రెండూ నేనే. ఈ సంగతి బయటపడి నేను ఏడ్చానంటే, కువైట్‌లో ఉండనిచ్చే ఇఖామా కాగితం రద్దు చేసి నన్ను పంపేస్తారు, ఆ పిల్లకు ఆధారం పోతుంది. కళ్ళు తుడుచుకుని, రొట్టె తీసుకుని తిరిగి వచ్చాను. స్నానాల గదిలో కుళాయి విప్పి, నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చింది ఏడుపు కిందికి రాదు. మా ఏడుపుకు గొంతు కావాలి, మాటలు కావాలి, కౌగిలించుకోవడానికి ఇంకో ఆడమనిషి కావాలి.

ఆ తర్వాత వచ్చిన సెలవు రోజున మామా భర్త ఒక పెద్ద బండి అద్దెకు తెచ్చి, అందరినీ పల్లెల వైపు తీసుకుపోయాడు. చలికాలంలో ఎడారిలో గుడారం వేసుకునే అలవాటు కదా వాళ్ళకు, ఒక అడవి అంచున కూడా అలాగే బండి పక్కన చాప పరిచి, దిళ్ళు వేసి, చిన్న గాజు గ్లాసుల్లో టీ పోసుకుని కూర్చున్నారు. ఎవరూ చెట్లలోకి అడుగు పెట్టలేదు. ఆకాశం కనబడని చోటు వాళ్ళకు నచ్చలేదనుకుంటాను. పెద్ద మామా మోకాళ్ళు పట్టేస్తాయి, కాసేపు నడిపించుకురా అని మామా నాతో చెప్పింది.

నీలం పూల కాలం అయిపోయిందని నాకు తెలుసు, అయినా నేల వైపే చూస్తూ నడిచాను. మా శేషాచలం కొండల్లో అడవి అంటే ముల్లు, రాయి, ఎండుటాకుల గలగల. ఇక్కడ కిందంతా మెత్తగా, తడిగా, అడుగు వేస్తే దిగబడే ఆకుల మన్ను. ఎక్కడో ఒక పావురం కూసి ఆగింది. పుస్తకాలాయన రాసినది నిజమే, అంత నిశ్శబ్దం నేను ఇంతకుముందు ఎక్కడా వినలేదు. కువైట్‌లో ఏ గదిలో ఉన్నా ఏసీ చప్పుడు ఉంటుంది. అది లేకపోయేసరికి నా లోపలిదే నాకు వినిపించడం మొదలైంది, భయం వేసింది.

పడిపోయిన ఒక మాను మీద పెద్ద మామాను కూర్చోబెట్టాను. నెలల తరబడి నోరు విప్పని ఆ మనిషి, నా మొహం వైపు చూడకుండానే అడిగింది.

"నీకు ఎవరు పోయారు?"

అక్క అని చెప్పాను. ఎట్లా తెలిసిందని అడగలేదు. ఆమె చుట్టూ చెట్ల వైపు ఒకసారి చూసి, "ఏడువు. ఇక్కడ ఎవరున్నారు" అంది.

ఇక నాకు తెలియలేదు. నేల మీద కూలబడి, ఆమె మోకాళ్ళు కావలించుకుని, మా ఊళ్ళో ఏడ్చినట్టే ఎత్తుకున్నాను. "అక్కా, కన్నతల్లి మాదిరి సాకితివే, నేనొచ్చేదాకన్నా ఉండకపోతివే, మంది కప్పిన కోకతో పోతివే" అని. మండీలో ఆమె చేతులకు పగిలిన పగుళ్ళు, తాను తినకుండా నాకు పెట్టిన సంగటి, గ్రంథాలయం గడప దగ్గర నా తల దువ్విన దువ్వెన, అన్నీ చెప్పి ఏడ్చాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ రాగం పెద్ద మామాకు అందింది. మొదట నా వీపు మీద చెయ్యి వేసింది, తర్వాత వంగి నన్ను పట్టుకుని, పోయిన భర్తను పిలుస్తూ తానూ గొంతు విడిచింది. ఆ నిశ్శబ్దంలో మా ఇద్దరి ఏడుపూ ఎంత దూరం పోతుందో మేము ఆలోచించలేదు.

కుక్కను తిప్పుతున్న ఒక తెల్లావిడ, ఎవరికో ఏదో అపాయం జరిగిందనుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. మమ్మల్ని చూసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, కాసేపు అలాగే నిలబడి వెనక్కు వెళ్ళిపోయింది. మంచి మనిషే, కానీ దారిలో చాప మీద కూర్చున్నవాళ్ళకు సంగతి చెప్పి వెళ్ళింది.

మామా నల్లటి అబాయా చేత్తో ఎత్తిపట్టుకుని వచ్చింది. తల్లి మొహం చూసింది, నా మొహం చూసింది. "నీకేం చెప్పాను నేను? మా అమ్మకు ఏడుపు నేర్పడానికా నిన్ను తెచ్చింది? ఖలాస్. కువైట్ చేరగానే నీ ఇంటికి నువ్వు పో" అంది. అక్క బతికుండగా ఆ మాట అనివుంటే, అక్క దగ్గరికి పంపుతున్నందుకు ఆమె కాళ్ళకు మొక్కేదాన్ని. ఇప్పుడు మాత్రం నా కళ్ళ ముందు అక్క కూతురే నిలబడింది.

"దాని అక్క పోయింది" అంది పెద్ద మామా. అంతే, నా తరఫున ఇంకేమీ వాదించలేదు. లేవడానికి కూతురి భుజం పట్టుకుని, "రొట్టె ఉందా?" అని అడిగింది. చాప దగ్గర పెద్ద మామా రొట్టె తుంచి టీలో ముంచుకుని తింటూంటే, మామా ఆ చేతి వైపే చూస్తూ కూర్చుంది. నాకు మాత్రం ఎవరూ ఏమీ పెట్టలేదు, ఏమీ అనలేదు.

నన్ను పంపలేదు. పంపుతానన్న మాటను వెనక్కూ తీసుకోలేదు. పెద్ద మామా బతికినన్నాళ్ళూ ఆ మాట నా నెత్తి మీద వేలాడుతూనే ఉంది. మామా నన్ను గట్టిగా పిలిచినప్పుడల్లా ఇదే ఆ పిలుపనుకునేదాన్ని. కొన్నేళ్ళకు పెద్ద మామా కన్నుమూసినప్పుడు ఇంటి నిండా ఆడవాళ్ళు, నల్లటి బట్టలు, మెల్లటి ప్రార్థనలు. నేను ట్రేలో కాఫీ గిన్నెలు పట్టుకుని వాళ్ళ మధ్య తిరిగాను. ఆమె కోసం గొంతెత్తి ఏడవాలని ఉన్నా, ఆ ఇంట్లో అది మర్యాద కాదు, నాకు హక్కూ లేదు.

ఇప్పుడు కాలం మారింది. చావు కబురు ఫోను గదిలో వినే రోజులు పోయాయి. ఈ ఇంట్లో వంట చేసే రాయచోటి ఆమె తండ్రి పోతే, పాడె ఎత్తడం దగ్గర నుంచి మన్ను వేయడం దాకా అంతా ఫోనులోనే చూసింది, పై వాటాలోవాళ్ళకు వినబడకుండా చప్పుడు ఆపేసుకుని చూసింది. అంతా అయ్యాక తలుపు వేసి పక్కన కూర్చుని, ఏడువమ్మా అన్నాను. "ఎట్ల ఏడవాల్నో తెల్దు పిన్నమ్మా. మా అమ్మోళ్ళకు వచ్చు ఆ మాటలు, మాకు రావు" అంది. చెప్పిద్దామని, ఎవరికీ వినబడకుండా మెల్లగా ఎత్తుకోబోయాను. ఎన్ని సార్లు మొదలుపెట్టినా రాగం రాలేదు. అది గుసగుసగా వచ్చేది కాదు. ఇద్దరం అలాగే, ఏసీ చప్పుడు వింటూ, అన్నం గంజి పొంగేదాకా కూర్చున్నాం.