సున్నానికి ఎర్రబడని రంగు

ఆదివారం వచ్చిందంటే వైకుంఠానికి ఇంట్లో కాలు నిలిచేది కాదు. చాయ్ సగం గ్లాసులోనే వదిలేసి, శాలిబండలో బస్సు కోసం నిలబడేవాడు. బస్సు ఆలస్యమైతే తర్వాతి స్టాపు దాకా నడిచేవాడు. అక్కడికి చేరేలోపు బస్సు అతన్ని దాటి పోయేది.

ఊరవతల ఒక ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ళ రేకుల షెడ్డులో పాత శిక్షణ విమానం ఒకటి ఏళ్ళుగా పడి ఉంది. ఒకదానిమీద ఒకటిగా రెండు జతల రెక్కలు. రెక్కలకు చుట్టిన గుడ్డను ఎలుకలు కొరికేశాయి. దాన్ని బాగుచేసి గేటు దగ్గర నిలబెట్టాలని క్లబ్బు అనుకుంది. విమానాల పిచ్చి ఉన్న నలుగురైదుగురు ఆ పని మేం చేస్తామని ముందుకు వచ్చారు. వాళ్ళలో వైకుంఠం ఒకడు. కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు కనుక రంగు సంగతి అతని మీద పడింది.

పైన వెండిరంగు, దాన్ని గీకితే తెలుపు, ఆ కింద వెలిసిన పసుపురంగు. అదే అసలుదని తోటివాళ్ళు తేల్చేశారు. ఎండ తిన్న రంగు అసలు రంగు ఎట్లా అవుతుందని వైకుంఠం వాదించాడు. పైలట్ కూర్చునే చోట బిగించిన రేకు పలక ఒకటి ఊడదీస్తే, ఎన్నడూ వెలుగు తగలని భాగం అరచేతంత మేర బయటపడింది. బంతిపువ్వు కంటే ఒక పిసరు లేత రంగు. చిన్నప్పుడు డాబా మీద నిలబడి తలెత్తి చూసిన విమానాల రంగు అదే. అందులోంచి గోరంత పెచ్చు తీసి అగ్గిపెట్టెలో దాచుకున్నాడు.

"దసరాకల్లా విమానం గేటు కాడ ఉండాలె," అన్నాడు క్లబ్బు సెక్రటరీ. "మీ రంగు కుదరకపోతే ఆటోలకేసే పసుపు కొట్టిస్త. దూరంకెళ్ళి ఎవనికి తెలుస్తది?"

వైకుంఠానికి తెలుస్తుంది. అదే అతని బాధ.

షెడ్డు ఆదివారం తప్ప తెరవరు. వారమంతా ఆగడం అతని వల్ల కాలేదు. రంగుపొడి ఇంటికి తెచ్చి వరండాలో నూనెతో కలపడం మొదలుపెట్టాడు. ఆ పొడిలో సీసం ఉంటుందని, ఒంట్లోకి పోతే మంచిది కాదని, తన విద్యార్థులకు చెప్పేది అతనే. డబ్బా అటక మీద పెట్టేవాడు. చేతులు సబ్బుతో కడిగి, అనుమానంతో మళ్ళీ కడిగేవాడు. కూతురు సక్కుకు ఇంకా ఏడాది నిండలేదు. పాకడం నేర్చింది. దొరికిందల్లా నోట్లోకే.

"గా డబ్బా ఇంట్ల ఎందుకయ్యా?" అనేది భార్య మాణిక్యం.

"పైన పెట్టిన గద."

"డబ్బా పైన పెట్టినవ్. నీ పానం గూడ గా డబ్బాలనే పెట్టినవ్."

దసరా దగ్గరపడింది. ఒక శుక్రవారం కాలేజీకి సెలవు పెట్టి మళ్ళీ రంగు కలిపాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలోనే రంగు నిజం చెబుతుంది. విమానానికి రంగు కొట్టాల్సిన బాలనర్సింహ సరిగ్గా ఆ వేళకే వచ్చాడు. పక్క గల్లీలో ఆటోలకు రంగులేసే మనిషి. వైకుంఠం కొత్త రంగు పూసిన రేకుముక్క పట్టుకుని గల్లీలోకి వచ్చి, దాని పక్కన అగ్గిపెట్టెలోని పెచ్చు పెట్టాడు.

"రెండూ ఒకటే ఉన్నయన్నా," అన్నాడు బాలనర్సింహ.

"ఏడ ఒకటే? నాది జరంత పచ్చగొడుతలేదా?"

"నీ కండ్లకు గొడుతుండొచ్చు. విమానానికి పెండ్లిచూపులు చేస్తున్నవా ఏందే? మెల్లకన్ను ఉన్నదా, చెయ్యి వంకర ఉన్నదా..."

లోపలి నుంచి మాణిక్యం కేక వినిపించింది. "పిల్ల మూతి జూడుండ్రి!"

సక్కు గడప మీద కూర్చుని ఉంది. మూతి, వేళ్ళు, ఫ్రాకు అంచు అంతా పసుపే. పొద్దున్నే వైకుంఠం తల్లి నాగమణమ్మ శుక్రవారమని గడపకు చిక్కగా పసుపు రాసింది. గడపకు ఇవతల వరండాలో, బాలనర్సింహ పిలుపు విని వైకుంఠం నేలమీదే వదిలేసిన, రంగు కలిపిన సాసరు. దాని అంచున రంగు చెదిరి ఉంది.

వైకుంఠం రేకుముక్క పారేసి పరుగెత్తాడు. పిల్ల నోట్లో వేలు పెట్టి తిప్పాడు. అది కొరికి నవ్వింది. వాసన చూశాడు. ఏమీ తెలియలేదు. తన చేతులకే నూనె వాసన.

"గడప పసుపు నాకింది, అంతే. ఏం ఫికర్ వద్దు," అంది నాగమణమ్మ. "ముద్దుగున్నదని అందరి కండ్లు దీని మీదనే. దిష్టి తీస్త." పళ్ళెంలో ఇంత పసుపు వేసి, తన పాన్‌డబ్బాలోంచి సున్నం తీసి కలిపి నీళ్ళు పోసింది. నీళ్ళు ఎర్రగా తిరిగాయి.

వైకుంఠం ఆ పళ్ళెం వైపే చూశాడు. పసుపు సున్నానికి ఎర్రబడుతుంది. తన రంగు ఎర్రబడదు.

"అమ్మా, సున్నం ఇటియ్యి!"

పాత తెల్లగుడ్డ తడిపి పిల్ల మూతి తుడిచి, గుడ్డకు అంటిన మరక మీద సున్నం రుద్దాడు. ఎర్రబడింది. నాలుక తుడిచిన చోటు ఎర్రబడింది. ఫ్రాకు అంచు, కుడిచెయ్యి తుడిచిన చోట్లన్నీ ఎర్రబడ్డాయి. ఎడమచెయ్యి తుడిచిన చోట మాత్రం ఒక గీత పసుపుగానే ఉండిపోయింది. మళ్ళీ రుద్దాడు. మారలేదు.

"గదేంది?" అంది మాణిక్యం.

"గది నాది," అన్నాడు.

ఆమె పిల్లను తన ఒళ్ళోకి లాక్కుంది. పిల్ల చేతిని గోళ్ళ సందుల దాకా తోమి కడిగింది.

డాక్టరు పిల్లను తిప్పి చూసి, నోట్లోకి పోయినట్టు లేదు, పోయినా ఆవగింజంతే, కొన్నాళ్ళు కనిపెట్టి ఉండమన్నాడు. ఆ మాట వైకుంఠాన్ని కుదురుగా ఉండనివ్వలేదు. పిల్ల ఎక్కువసేపు నిద్రపోతే లేపి చూసేవాడు. ఏడిస్తే కడుపునొప్పేమో అనేవాడు. ఏడవకపోతే ఏడుపెందుకు రావడం లేదనేవాడు.

"పిల్లనన్న పండనియ్యవయ్యా," అంది మాణిక్యం చివరికి.

ఆ ఆదివారమే డబ్బాలన్నీ గోనెసంచిలో కట్టి షెడ్డుకు చేర్చాడు. పండుగకు ముందు ఇంకో ఆదివారం లేదు. రంగు ఇంకా కుదరలేదు.

"ఇంటికాడ ఇంకొక్కపారి కలిపితే కుదురుతుండె గదన్నా," అన్నాడు బాలనర్సింహ.

"ఇంటికాడ కలపను. నీ ఆటో పసుపే కొట్టు."

"మనసుతోనే అంటున్నవా?"

"కొట్టమంటున్న గద. నన్ను మల్ల అడగకు."

బాలనర్సింహ స్ప్రే గన్నుతో రంగు కొడుతుంటే వైకుంఠం చూడలేక బయటికి పోయాడు. అంతలోనే తిరిగి వచ్చాడు. పలక కింది అరచేతంత భాగం మీద కాగితం అంటించి, అక్కడ రంగు పడనివ్వలేదు. ఆరాక పలకను తనే మళ్ళీ బిగించాడు. దసరాకు విమానం గేటు దగ్గర నిలబడింది. చూసినవాళ్ళంతా మస్తుగుందన్నారు.

సక్కు ఇప్పుడు పరుగెడుతుంది. ఇంట్లో రంగు అన్నదే లేదు. అయినా శుక్రవారం అది గడప తడిమి పచ్చని వేళ్ళతో నాన్న దగ్గరికి వస్తే, వైకుంఠం ముందు తడిగుడ్డ, పాన్‌డబ్బా వెతుక్కుంటాడు. గుడ్డ ఎర్రబడ్డాకే పిల్లను ఎత్తుకుంటాడు.